హ్యామ్ రేడియో – రిపీటరు



హైదరాబాదునందలి జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ బృందము 2004లో పోర్టుబ్లెయిరునుండి హ్యామ్ ప్రసారములు సల్పుచుండగా, డిసెంబరు 26న సునామీ వచ్చెను. టెలిఫోనులు మూగవోగా, బృందనాయకురాలు భారతీ ప్రసాద్ రేడియో ద్వారా క్షేమసమాచారములను ప్రధాన భూభాగమునకు చేరవేసిరి.

అది సముద్రము దాటు షార్టువేవు. ఊరి చుట్టుపట్ల మాటలకు చేతిసెట్టు చాలును గాని, దాని 5 వాట్ల ప్రసారమునకు గుట్ట అడ్డువచ్చును. గుట్టపై నిలిపిన రిపీటరు ఆ మాట నందుకొని, అదే క్షణమున వేరొక పౌనఃపున్యముపై మరల పలుకును. 145.7 మెగాహెర్ట్జులపై పలుకు రిపీటరు సాధారణముగా 145.1పై వినును. చేతిసెట్టులో ఈ తేడాను, రిపీటరు కోరు టోను అను మంద్రస్వరమును అమర్చనిచో ఎంత పిలిచినను అది పలుకదు. ప్రభుత్వ పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందిన క్రొత్తవారు సైతము యంత్రము చెడినదని మొరపెట్టుకొనుటకు పెక్కుసార్లు ఇదియే కారణము.

అమరిక సరిగానున్నను మాట తెగిపోవుచున్నచో, రెండడుగులు ప్రక్కకు జరిగి చూడవలెను. ఆపైన బ్యాటరీ, యాంటెన్నా. రిపీటరు వినికిడి నానాటికి మందగించినచో మొదట అనుమానింపవలసినది కేబులు కీళ్లలో చేరిన వాననీటిని. యాంటెన్నా విప్పి ప్రసారపు మీట నొక్కరాదు; సెట్టు కాలిపోవచ్చును. రిపీటరు బ్యాటరీ ఎన్ని గంటలు నిలుచునో, తుపానుల కాలమునకు ముందే కరెంటు తీసివేసి చూచి, వ్రాసి పెట్టవలెను.