బొమ్మలు నిండిన ఇంటికి ఏ కానుక?



ఈనాటి ప్రసంగాన్ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మీ మేనల్లుడికి వచ్చే ఆదివారం నాలుగేళ్ళు నిండుతాయి. మీరు దాచుకున్నది మూడు వందల రూపాయలు. ఆ పిల్లవాడి ఇంట్లో కార్లు, ఎలుగుబంట్లు, మాట్లాడే చిలుకలు కలిసి రెండు పెద్ద బుట్టలు ఇప్పటికే నిండిపోయాయి. మీరు ఏం కొంటారు?

ఈ ప్రశ్న నాకు బిలాస్‌పూర్‌లోని సదర్ బజార్‌లో ఎదురైంది. ఛత్తీస్‌గఢ్‌లో అది రైల్వే ఊరు. పాత బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి మన తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం వెళ్ళి అక్కడ స్థిరపడ్డాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు అదే ప్రధాన కేంద్రం. మా బావగారు అప్పట్లో గూడ్సు గార్డు. రైల్వే కాలనీలో కాపురం. నేను ఆటో ఎక్కి సదర్ బజార్‌కు వెళ్ళి, మూడు దుకాణాలు తిరిగి ఒక కారు కొన్నాను. మీట నొక్కితే దీపాలు వెలిగేవి, పాట వచ్చేది, గోడకు తగిలితే దానంతట అదే వెనక్కి మళ్ళేది. పిల్లవాడు చూశాడు, చప్పట్లు కొట్టాడు, ఇరవై నిమిషాల తరువాత వదిలేశాడు. మర్నాడు పొద్దున్నే చూస్తే ఆ కారు వచ్చిన అట్టపెట్టెకు తాడు కట్టి లాగుతున్నాడు. అది గూడ్సు బండి. పచ్చ జేబురుమాలు ఊపుతున్న గార్డు కూడా వాడే. నాకు కాస్త నామోషీగా అనిపించిన మాట నిజం. నేను డబ్బు ఇచ్చింది పెట్టెకు కాదు కదా!

తప్పు ఎక్కడ జరిగింది? ఆ కారు చేయవలసిన పనులన్నీ తానే చేసేసింది. పిల్లవాడికి మిగిలింది చూడడమే. అట్టపెట్టె ఏ పనీ చేయదు గనుక అంతా పిల్లవాడే చేయాలి. మూడు నుంచి ఆరేళ్ళ వయసులో పుల్ల గుర్రమవుతుంది, ఇసుక అన్నమవుతుంది. మన అమ్మమ్మలు గుజ్జనగూళ్ళు అన్నది ఈ ఆటనే. రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త వైగాట్‌స్కీ 1933లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో ఈ పుల్ల గుర్రాన్నే ఉదాహరణగా తీసుకున్నారు. పుల్ల గుర్రానికి బదులు నిలబడగలదని ఒప్పుకున్న పిల్లవాడు, రేపు కాగితం మీది గీత ‘అ’ అనే ధ్వనికి బదులు నిలబడగలదని కూడా ఒప్పుకుంటాడు. అంటే అట్టపెట్టెతో ఆడుతున్నప్పుడు వాడు చదువుకు దూరంగా ఏమీ లేడు.

ఇక బొమ్మల సంఖ్య. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. 36 మంది పసివాళ్ళను ఒకసారి 4 బొమ్మలతో, ఒకసారి 16 బొమ్మలతో ఆడుకోనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కొక్క బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. వాళ్ళు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ పిల్లలు, మన నాలుగేళ్ళవాడికంటే చిన్నవాళ్ళు. కాబట్టి ఈ ఫలితాన్ని యథాతథంగా మన ఇంటికి తెచ్చుకోకూడదు. అయినా ఒక పని చేసి చూడవచ్చు. అక్కయ్యతో చెప్పి ముప్పాతిక బొమ్మలు అటక ఎక్కించండి, నెలకోసారి మార్చండి. అటక దిగిన బొమ్మ పిల్లవాడికి కొత్త బొమ్మే. దీనికి మీ మూడు వందల్లో ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు.

మరి కానుక సంగతి? బిలాస్‌పూర్ ప్రాంతంలో దానికి పాత సమాధానం ఒకటి ఉంది. మన ఇళ్ళలో అమ్మలు కంద మొక్కకు పూజ చేసి బిడ్డల క్షేమం కోరుకునే పోలాల అమావాస్య నాడే అక్కడ పోలా పండుగ. ఆ రోజు పిల్లలకు చక్రాల మీద నడిచే మట్టి ఎద్దులు, మట్టి తిరగళ్ళు, పొయ్యిలు, చిన్న చిన్న కుండలు కొనిస్తారు. మన లక్కపిడతలకు అవి తోబుట్టువులు. ఆ ఎద్దు పాడదు, వెలగదు. తాడు కట్టి లాగితేనే కదులుతుంది, దాని రంకె పిల్లవాడే వేయాలి. అది విరుగుతుంది కూడా. విరిగితే ఏడుస్తాడు, తరువాత ఆ ముక్కలతో ఇంకేదో కడతాడు. మగపిల్లలకు ఎద్దు, ఆడపిల్లలకు పొయ్యి అనే ఆనవాయితీని మాత్రం నేను పాటించను. మా వాడికి పొయ్యి, కుండలే ఇచ్చాను. వారం రోజులు అందరం వాడు వండిన మట్టి పప్పు తిన్నాం.

ఛత్తీస్‌గఢ్ గురించి మాట్లాడుతూ సోనాబాయి రజవార్‌ను తలచుకోకుండా ఉండలేను. సర్గుజా ప్రాంతంలోని పుహ్‌పుట్రా ఆమె ఊరు. పెళ్ళయ్యాక భర్త ఆమెను సుమారు పదిహేనేళ్ళు బయటివారితో కలవనివ్వలేదు. పసి కొడుకుకు ఆడుకోవడానికి ఏమీ లేకపోతే మట్టితో బొమ్మలు చేసి ఇచ్చింది. ఆ చేయి అక్కడ ఆగలేదు. వెదురుతో, మట్టితో జాలీలు కట్టింది, గోడల నిండా పక్షులనూ జంతువులనూ నిలబెట్టింది. 1983లో జాతీయ పురస్కారం అందుకుంది, 2007లో కన్నుమూసింది. ఆమె అనుభవించిన నిర్బంధం మెచ్చుకోదగినది కాదు. ఇక్కడ మనం చూడవలసింది ఆ తల్లి ఎదురుగా కూర్చుని బొమ్మ చేస్తుంటే చూసిన బిడ్డను. వాడికి అందింది బొమ్మ ఒక్కటే కాదు, అది ఎలా తయారవుతుందో కూడా.

కాబట్టి దుకాణంలోకి వెళ్ళేముందు ఆ ఇంట్లో ఏది లేదో చూడండి. వస్తువులు ఉన్నాయి. చేసే పని ఉందా? ఒక కుండీ, గుప్పెడు చిక్కుడు గింజలు, చిన్న చెంబు ఇచ్చి చూడండి. మొలక వచ్చేదాకా పిల్లవాడికి రోజూ ఒక ఉద్యోగం దొరుకుతుంది. బయటి ప్రపంచం ఉందా? ఊరి పక్కనున్న కానన్ పెండారీ జంతుప్రదర్శనశాలకు మీరే తీసుకువెళ్ళండి. భాష ఉందా? అక్కడి తెలుగు పిల్లలు బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు, తెలుగు అమ్మమ్మ ఊరికి వెళ్ళినప్పుడే. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి తెలుగు బొమ్మల పుస్తకం ఒకటి కొని, దాన్ని అమ్మమ్మ గొంతుతో ఫోనులో చదివించి పంపితే, ఆ కానుకను ఏ దుకాణమూ అమ్మలేదు. బొమ్మే కొనాలనుకుంటే ఏటికొప్పాక లక్క బొంగరం చూడండి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిప్పడం నేర్చుకోవడానికే కొన్ని రోజులు పడుతుంది.

జాగ్రత్తలు రెండు. కర్మాగారంలో తయారైన బొమ్మ కొంటే ఐఎస్‌ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. గుండీలాంటి చిన్న బ్యాటరీ సులభంగా ఊడివచ్చే బొమ్మ వద్దేవద్దు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు. ఇంట్లో ఇంకా చిన్న పాప ఉంటే ఈ మాట మరీ ముఖ్యం.

మీ మనసులో ఒక సంకోచం ఉంటుందని నాకు తెలుసు. అందరూ మెరిసే పెట్టెలు తెస్తుంటే మనం చిక్కుడు గింజలు పట్టుకెళితే బావగారు ఏమనుకుంటారు? ఏదో ఒకటి అనుకుంటారు. నన్నూ అన్నారు. పుట్టినరోజు సందడిలో ఆ కానుక ఎవరి కంటా పడదు. అందుకే నేను మర్నాడు వెళతాను, అందరూ వెళ్ళిపోయాక, నేల మీద కూర్చోవడానికి చోటు ఉన్నప్పుడు.

వచ్చే ప్రసంగం లోపల ఒక పని చేయండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో మూడు నాలుగేళ్ళ బిడ్డ ఆడుకుంటుంటే పదిహేను నిమిషాలు పక్కన కూర్చోండి. ఏం చేయాలో చెప్పకండి. ఏ వస్తువును ఎంతసేపు పట్టుకుందో, దాన్ని ఏమని పిలిచిందో, మిమ్మల్ని ఆటలోకి ఎప్పుడు పిలిచిందో నోటుపుస్తకంలో రాసుకోండి. కానుక కొనేది ఆ తరువాతే.