తేనెటీగలు ముసిరిన కుక్కకు చేయవలసిన సాయము

(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



సస్యశాస్త్రము బోధించువాడు వచ్చినాడు గనుక వరిని గూర్చియో, పొద్దుతిరుగుడును గూర్చియో చెప్పునని మీరు కూర్చున్నారు. ఈ పూట మీ తోటకు కాపలా కాయు కుక్కను గూర్చి కొన్ని మాటలు మనవి చేయదలచినాను. నేను పశువైద్యుడను కాను. ఈ విషయమున నాకు తెలిసినదంతయు ఒక కుక్క చనిపోయిన పిదప పశువైద్య మిత్రులను అడిగి, పుస్తకములు చదివి తెలుసుకొన్నదే. ఆ సంగతి ముందు చెప్పెదను. అందులో తప్పు నాది.

మా మేనమామగారి మామిడితోటలో టైగరు అను నాటుకుక్క ఉండెడిది. పదిహేను కిలోలకు మించని కుక్క. పగటిపూట దానిని బోరు షెడ్డు ప్రక్క చింతచెట్టు నీడన గొలుసుతో కట్టి ఉంచెడివారు. ఆ చెట్టు పైకొమ్మకు కొండ తేనెటీగల పట్టు ఉన్నది. ఏటేట వచ్చి పోవునదే గనుక ఎవరును పట్టించుకొనలేదు. ఒకనాడు చెట్టు క్రింద ఎండుటాకులు పోగుచేసి నిప్పు పెట్టినారు. పొగ పైకి పోయినది, ఈగలు లేచినవి. మనుష్యులము పరుగెత్తి ఇంటిలో దూరి తలుపులు వేసికొంటిమి. గొలుసున ఉన్న కుక్క ఎక్కడికి పరుగెత్తగలదు?

పావుగంట తరువాత మామయ్య గొంగళి కప్పుకొని పోయి గొలుసు విప్పి తెచ్చినారు. ముండ్లు నేను తీసినాను. నూరు దాటిన తరువాత లెక్క మానివేసినాను. కుక్క మూతి వాచినది. రెండు మారులు వాంతి చేసికొన్నది. సాయంకాలమునకు లేచి నీళ్లు త్రాగి తోక ఊపినది. “ఏరా, ఆసుపత్రికి తీసికొని పోదమా?” అని మామయ్య అడిగినారు. “అక్కరలేదు మామయ్యా, గండము గడిచినది” అంటిని. చదువుకొన్నవాడి మాట గదా అని అందరు నమ్మినారు. మరునాడు దాని మూత్రము కాఫీ డికాక్షను రంగున వచ్చినది. మూడవనాడు మూత్రమే రాలేదు. అప్పుడు ఆసుపత్రికి తీసికొని పోతిమి. మూత్రపిండములు చెడిపోయినవని డాక్టరుగారు చెప్పినారు. నాలుగవనాడు కుక్క చనిపోయినది.

కనుక నేను ముఖ్యముగా చెప్పవలసినది ఇది: అనేక ఈగలు కుట్టిన కుక్క ఆ సాయంకాలము తోక ఊపినంత మాత్రమున గండము గడిచినట్లు కాదు. ఇక వివరములు చెప్పెదను.

ఈగ కుట్టినపుడు జరుగునది

మన ప్రాంతమున తేనెటీగలు ముఖ్యముగా మూడు రకములు. చిన్న పొదలలో అరచేయి వంటి పట్టు పెట్టు చిన్న ఈగ ఒకటి. చెట్టు తొర్రలలో, పుట్టలలో ఉండి, పెట్టెలలో పెంచుటకు లొంగునది రెండవది. ఎత్తయిన చెట్లకు, నీళ్ల ట్యాంకులకు, కొండచరియలకు పెద్ద పట్టు వ్రేలాడదీయు కొండ తేనెటీగ మూడవది. గుంపుగా లేచి వెంటాడి ప్రాణము మీదికి తెచ్చునది తరచుగా ఈ మూడవ రకమే.

కూలి ఈగ ముల్లునకు కొక్కెముల వంటి పండ్లు ఉండును. కుట్టిన తరువాత ముల్లు చర్మములోనే చిక్కుకొని, విషపు సంచితో సహా ఈగ శరీరము నుండి ఊడివచ్చును. ఈగ చచ్చినను ఆ సంచి తనంతట తాను కదలుచు విషమును లోనికి తోయుచునే ఉండును. విషములో చాలభాగము మొదటి అర నిమిషములోనే దిగిపోవును. అంతే కాదు, ముల్లు దిగిన చోట అరటిపండు వాసన వంటి ఒక వాసన వెలువడును. అది తక్కిన ఈగలకు “ఇక్కడ కుట్టండి” అను పిలుపు. అందుచేత ఒక ఈగ కుట్టిన చోటికే పది ఈగలు వచ్చును. కందిరీగ సంగతి వేరు. అది సాధారణముగా ముల్లు విడువదు, ఒకే ఈగ పలుమారులు కుట్టగలదు.

ఎన్ని కుట్టిన ప్రమాదము?

కుక్క శరీరపు బరువున కిలోకు సుమారు ఇరువది ముండ్లు ప్రాణాంతకమని పశువైద్య గ్రంథములలో చెప్పబడినది. పదిహేను కిలోల కుక్కకు మూడు వందలు, మూడు కిలోల పిల్లకు అరువది అన్నమాట. అయితే ఇది చావు లెక్క మాత్రమే. ప్రమాదము ఇంతకంటె చాల ముందే మొదలగును. మా టైగరు ఒంటిపై నేను లెక్కించినవి నూరే. ముసలి కుక్కకు, జబ్బు కుక్కకు, పిల్లకు ఇంకను తక్కువ చాలును. ఈగ విషము పడని కుక్క అయినచో ఒక్క ముల్లుతోనే ప్రాణము పోవచ్చును. పది ముండ్లకు మించి కనబడినను, నోటిలోగాని గొంతులోగాని కుట్టినను డాక్టరుకు చూపవలెను. ఒకటి రెండు కుట్టి, ఆ చోట మాత్రమే వాచి, కుక్క మామూలుగా ఉన్నచో ఇంటి వద్దనే కనిపెట్టి ఉండవచ్చును.

మొదటి పని: తప్పించుట

ముందు మీ ఒంటిని కాపాడుకొనుడు. గొంగళిగాని, దుప్పటిగాని, గోనెసంచిగాని తలపై, ముఖముపై కప్పుకొని, చేతులు కాళ్లు కప్పి పోవలెను. ఈగ విషము పడదని తెలిసినవారు పోరాదు. కుక్కను విప్పి, ఈగలను చేతితో కొట్టక, గదిలోనికో, వాహనములోనికో తెచ్చి తలుపు వేయవలెను. బావిలోనో చెరువులోనో త్రోయరాదు. బెదరిన కుక్క మునిగిపోవచ్చును, ఈగలును నీటిపైన తిరుగుచునే ఉండును. బొచ్చులో చిక్కిన ఈగలు వదలకున్నచో బకెట్టు నీటిలో కొంచెము సబ్బు కలిపి కండ్లలో పడకుండ పోయుడు. సబ్బునీటికి తడిసిన ఈగ ఎగురలేదు, త్వరలోనే చచ్చును.

వెంటనే మెడపట్టీ విప్పివేయవలెను. ముఖము, మెడ వాచినచో ఆ పట్టీయే ఉరి అగును.

బాధలో ఉన్న కుక్క యజమానినే కరువవచ్చును. జాగ్రత్తగా పట్టుకొనుడు. అయితే వాంతి చేసికొనుచున్న, ఊపిరి ఆడక ఎగరోజుచున్న కుక్క మూతిని కట్టరాదు. ఒకవేళ కరచినచో గాయమును పారు నీటిలో సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, రేబిస్ టీకాకు ఆసుపత్రికి పోవలెను.

రెండవ పని: ముండ్లు తీయుట

ముల్లును గోటితో గిల్లి తీసిన విషము లోనికి దిగునని, ప్రక్కకు గీకియే తీయవలెనని చెప్పుట వాడుక. గీకినను గిల్లినను తేడా లేదని, ఆలస్యము చేయుటయే చెరుపని 1996లో వెలువడిన ఒక పరిశోధనలో తేలినది. కనుక సాధనము కొరకు వెదకుచు కాలము పోగొట్టవలదు. గోరు, మొండి కత్తి అంచు, బ్యాంకు కార్డు, పేల దువ్వెన, ఏది చేతికి అందిన దానితో తీయుడు. బొచ్చును ఎదురు దువ్వి చూడవలెను. పెదవులు, చెవుల లోపల, కనురెప్పలు, కడుపు క్రింద, తోక మొదట, వ్రేళ్ల సందులు మరువరాదు. కుక్క ఈగలను నోటితో పట్టబోవును గనుక నాలుక, చిగుళ్లు కూడ చూడుడు. చూచుటకు వీలుకాకున్న బలవంతము చేయక డాక్టరుకు వదలుడు.

తరువాత చల్లని తడిగుడ్డగాని, గుడ్డలో చుట్టిన మంచుముక్కగాని వాపుపై పది నిమిషములు ఉంచి తీయుచు ఉండవలెను. కుక్కను నీడన పడుకొనబెట్టుడు. వాంతులు లేనిచో నీరు ముందు పెట్టుడు, త్రాగినంత త్రాగును. పాలు, మజ్జిగ, గంజి గొట్టముతోనో గ్లాసుతోనో నోట పోయరాదు. గొంతు వాచిన కుక్కకు అవి ఊపిరితిత్తులలోనికి పోవును.

చేయగూడని పనులు

మనుష్యులకు వాడు నొప్పి బిళ్లలు కుక్కకు వేయవలదు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కుక్కకు చెరుపు చేయును. దెబ్బతిన్న మూత్రపిండములకు, కాలేయమునకు ఇవి మరింత భారము. జలుబు బిళ్లలలో అనేకమునందు పారాసెటమాల్ కలిసి ఉండును. దురదకు, వాపునకు బిళ్ల ఇచ్చుట మంచిదే కావచ్చును, గాని ఏది, ఎంత అనునది కుక్క బరువు చెప్పి డాక్టరును అడిగియే వేయవలెను.

కుట్టిన చోట సున్నము పూయుట, కిరోసిను రుద్దుట మనలో కొందరికి అలవాటు. సున్నము చర్మమును కాల్చును. కిరోసినును కుక్క నాకి మరియొక విషము తెచ్చుకొనును. ఇనుము రుద్దుట వలన హాని లేకున్నను, ఆ కాలములో పది ముండ్లు తీయవచ్చును.

ఆలస్యము చేయక డాక్టరు వద్దకు

ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనబడినను, ఎన్ని ముండ్లు దిగినవను లెక్క చూడక బయలుదేరవలెను. మాటిమాటికి వాంతులు లేక విరేచనములు, అందులో రక్తము, నిలువలేక తూలుట, పడిపోవుట, ఊపిరిలో గురక, నాలుక నీలి రంగు, ఒంటి వణుకు, ఫిట్సు, చిగుళ్లు తెల్లబారుట. చిగురును వ్రేలితో నొక్కి వదలిన తెల్లబడి రెండు సెకనులలో మరల ఎరుపెక్కవలెను. అంతకు మించి ఆలస్యమైనచో రక్తప్రసారము తగ్గుచున్నదని తెలియుడు. విషము పడని కుక్కకు ఈ చిహ్నములు తరచుగా అరగంటలోపలనే వచ్చును.

మీ పశువైద్యశాల డాక్టరుగారి ఫోను సంఖ్య, సంచార పశువైద్య వాహనములకు ఏర్పడిన 1962 సంఖ్య షెడ్డు గోడమీద వ్రాసి ఉంచుకొనుడు. ఎన్ని గంటలకు కుట్టినవి, సుమారు ఎన్ని ముండ్లు, ఎన్ని వాంతులు, ఏ మందు వేసినారు అను నాలుగు మాటలు తప్పక చెప్పవలెను. పాముకాటునకు ఇచ్చు విరుగుడు సూది దీనికి పనికిరాదు. డాక్టరు అవసరమును బట్టి ఎడ్రినలిను సూది వేయును, సెలైను ఎక్కించును, వాపునకు నొప్పికి మందులిచ్చును. ఇందులో సెలైనును చిన్నచూపు చూడరాదు. రక్తపోటు నిలుపునది, మూత్రపిండములను కాపాడునది అదియే.

మూడునాళ్ల కావలి

విషము ఎక్కువైనచో రక్తకణములు పగులును, కండరములు కరగును. వాటినుండి వెలువడిన ఎర్రని పదార్థములు మూత్రపిండములకు అడ్డుపడును. ఇది ఒక్క పూటలో బయటపడదు, రెండు మూడు దినములలో తెలియును. కనుక అనేక ఈగలు కుట్టిన కుక్కను కనీసము మూడు దినములు తెల్లని గచ్చుమీదనో, పాత తెల్లగుడ్డమీదనో మూత్రము పోయించి రంగు చూడవలెను. ఎరుపు, గోధుమ, డికాక్షను రంగు వచ్చినను, పన్నెండు గంటలు మూత్రము రాకున్నను, తిండి మానినను, చిగుళ్లు పసుపు రంగు తిరిగినను మరల ఆసుపత్రికి పోవలెను. మొదటినాడే సెలైను పడి, రక్తము మూత్రము పరీక్ష జరిగినచో టైగరు బ్రతికెడిదేమో. ఆ అవకాశము నేను పోగొట్టితిని.

ముందుచూపు

ఈగలపై కోపముతో పట్టును తగులబెట్టవలదు. పొద్దుతిరుగుడు, గుమ్మడి, దోస వంటి పంటలలో గింజ కట్టుటకు, కాయ నిలుచుటకు తేనెటీగ చేయు సాయము మీరెరుగుదురు. మనము మార్చవలసినది కుక్కను కట్టు చోటు. వారమునకొక మారు తలయెత్తి చెట్టు కొమ్మలు, ట్యాంకు అడుగు చూడుడు. పట్టు ఉన్నచో దాని క్రింద కుక్కను, దూడను కట్టరాదు, పొగ పెట్టరాదు, రాళ్లు విసరు పిల్లలను వారించవలెను. తప్పక తీయవలసి వచ్చినచో పని తెలిసినవారిచే తీయించుడు. గొలుసు చివర ముడి వేయక, ఒక్క చేతితో విడివడు కొక్కెము పెట్టుడు. వీలైనచో కుక్కను గదిలోనో, తలుపున్న దడిలోనో విడిచి ఉంచుడు.

చెప్పినదానిని మరల ఒకసారి చెప్పెదను. మీరు కప్పుకొని పోయి కుక్కను తప్పించుడు. మెడపట్టీ విప్పుడు. ఏ విధముగానైనను ముండ్లు వెంటనే తీయుడు. మన బిళ్లలు వేయవలదు. పది ముండ్లు దాటినచో డాక్టరుకు చూపుడు. మూడు దినములు మూత్రము రంగు చూడుడు.

మా మామయ్య తోటలో ఇప్పుడు మరియొక కుక్క ఉన్నది. చింతచెట్టునకు ఈ ఏడును ఈగలు వచ్చినవి, వాటి మానాన అవి ఉన్నవి. కుక్క మాత్రము షెడ్డు లోపల ఉన్నది, చెట్టు క్రింద ఆకులు కాల్చుట మానినారు. మీరును ఇంటికి పోయినంతనే మీ కుక్క ఉన్న చోట ఒకసారి తలయెత్తి చూడవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.