ధర తగ్గిందా? మరి ఏం తీసేశారు?

పిల్లలకు గేమ్ కన్సోల్ కొనబోతున్నారా? చౌక మోడల్ కనిపిస్తే ముందు ఒక్క మాట అడగండి: ఇందులో ఏం తీసేశారు?

2006లో సోనీ అమెరికా, జపాన్‌లలో ప్లేస్టేషన్ 3 విడుదల చేసింది. ప్లేస్టేషన్ 2 ఆటలు కూడా ఆడేందుకు ఆ పాత కన్సోల్ చిప్‌లనే ఇందులో పెట్టింది. ధర కూడా బాగా ఎక్కువగా ఉండేది. మరుసటి ఏడాదే చౌక మోడల్ వచ్చింది. నాలుగు యూఎస్‌బీ పోర్టులు రెండయ్యాయి. మెమరీ కార్డు పెట్టే చోటు పోయింది. ప్లేస్టేషన్ 2 ఆటలు ఆడే వీలూ పోయింది. పాత డిస్కులు దాచుకున్నవారికి అది నష్టం. అవి లేనివారికి లాభం.

ఇక ప్లేస్టేషన్ 5. డిస్క్ డ్రైవ్ లేని మోడల్ చౌకే. కానీ ఆటలన్నీ ఆన్‌లైన్‌లోనే కొనాలి. సెకండ్‌హ్యాండ్ డిస్కు కొనలేరు. స్నేహితుల దగ్గర తెచ్చుకుని ఆడలేరు. ఆడేశాక అమ్ముకోలేరు. కొత్త మోడళ్లకు డ్రైవ్ విడిగా తగిలించుకోవచ్చు. ఆ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి.

అందుకే ధర చూడండి, తీసేసిందేమిటో కూడా చూడండి. అది మీకు అక్కర్లేనిదైతే నిశ్చింతగా కొనండి. కావలసిందైతే మాత్రం తొందరపడకండి.