మంచు తెల్లగా రావాలంటే



మా ఇంట్లో హాలు గోడమీద ఒక ఫోటో ఉంది. 2014 జనవరిలో మనాలి దగ్గర సోలాంగ్ లోయలో నేనే తీసేను. మా అత్తయ్యగారికి డెబ్భయి రెండో ఏట హిమాలయాలు చూడాలని కోరిక పుట్టింది. పట్టుబట్టి మమ్మల్నందరినీ బయలుదేరదీసేరు. దారిలో అద్దెకిచ్చే పొడుగాటి కోటూ, రబ్బరు బూట్లూ చీరమీదే తొడుక్కుని, మోకాలి లోతు మంచులో నిలబడి, పిడికెడు మంచు చేత్తో పట్టుకుని చిన్నపిల్లలా నవ్వేరు. ఆ నవ్వు నేను కళ్ళారా చూసేను. ఫోటోలో మాత్రం లేదు. వెనక కొండలు గచ్చు కడిగిన నీళ్ళ రంగులో ఉన్నాయి. ఆవిడ మొహం ఒక నల్లటి మచ్చ. ఎండ ఫెళ్ళున కాస్తోంది కదా, ఇంక భయమేమిటని నొక్కేసేను. రెండేళ్ళకి ఆవిడ పోయేరు. మళ్ళీ తీద్దామంటే మనిషి లేరు.

అంత తెల్లటి మంచు ఫోటోలో అంత మురికిగా ఎందుకొచ్చిందా అని చాలా రోజులు మథనపడ్డాను. కెమెరా మంచిది కాదేమోనన్నారు మావారు. తరువాత తెలిసింది, కెమెరా తప్పేమీ లేదని. దానికి తెలుపంటే ఏమిటో తెలీదు. ఎదురుగా ఏమున్నా సరే, అంతా కలిపి చూస్తే నడిమిరకం బూడిదరంగంత వెలుగుంటుందన్న లెక్కమీద దాన్ని తయారుచేస్తారు. మన ఇళ్ళకీ, వీధులకీ, చెట్లకీ ఆ లెక్క సరిపోతుంది. కొత్తగా పడిన మంచు అలా కాదు. తనమీద పడిన వెలుగులో నూటికి ఎనభై పాళ్ళు తిప్పికొడుతుంది. కెమెరా హడలిపోయి కన్ను చికిలిస్తుంది. దాంతో మంచు బూడిదవుతుంది, ముందు నిలబడ్డ మనిషి మొహం మసవుతుంది.

అంచేత మనమే దానికి చెప్పాలి. కెమెరాలో ప్లస్సూ మైనస్సూ గుర్తులుండే మీట ఒకటుంటుంది. దాన్ని ప్లస్ వైపు ఒకటి దాకా, ఎండ బాగా ఉంటే ఒకటిన్నర, రెండు దాకా జరపాలి. ఇప్పటి ఫోనుల్లో చాలావాటికి తెరమీద వేలు ఆనిస్తే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని పైకి జరిపితే చాలు. మనిషి ఉంటే వేలు మొహంమీద పెట్టాలి, కొండమీద కాదు. వెలుగు ఎక్కువైందనుకోండి, మంచులో మడతలూ గరుకూ పోయి వట్టి కాగితంలా కనిపిస్తుంది. రెండు మూడు రకాలుగా తీసి, పులుసులో ఉప్పు చూసుకున్నట్టు చూసుకోవడమే. మంచుమీద నీడలు నీలంగా వచ్చేయని కంగారుపడకండి. ఎండ తగలనిచోట నీలాకాశపు వెలుగే పడుతుంది కనక అవి నిజంగానే నీలంగా ఉంటాయి.

ఈ సంగతులన్నీ నేర్చుకుని, నాలుగేళ్ళ తరువాత డిసెంబరులో కౌసాని వెళ్ళేము. కుమావూ కొండల్లో చిన్న ఊరు. 1929లో గాంధీగారు అక్కడ ఉన్నారు. ఆయన బస చేసిన చోట ఇప్పుడు అనాసక్తి ఆశ్రమం ఉంది. ఉత్తరంగా నిలబడితే త్రిశూలం, 7,816 మీటర్ల నందాదేవి, పంచచూలీ బారుగా కనిపిస్తాయి. వానాకాలం మబ్బులూ, ఎండాకాలం పొగమంచూ ఉండవు గనక ఆ కొండలకి శీతాకాలపు ఉదయమే మంచిది. లోయలో ఇంకా చీకటిగా ఉండగానే అంత ఎత్తుమీది శిఖరాలకి ముందుగా ఎండ తగులుతుంది. మొదట కుంకుమ రంగు, తరువాత పసుపు, పావుగంటలో మామూలు తెలుపు. ఆ పావుగంటకోసమే చలిలో లేవాలి. మధ్యాహ్నం తీస్తే కొండ చదునుగా, అతికించిన బొమ్మలా ఉంటుంది. సున్నం వేసిన గోడమీది ఎత్తుపల్లాలు పక్కనుంచి దీపం పెడితేగాని కనపడవు కదా, ఇదీ అంతే.

ఇంక రాత్రి సంగతి. నిజం చెప్పొద్దూ, నాకు కొండలకంటే ఇదే నచ్చింది. నేను చుక్కలు చూసి ఎన్నేళ్ళయిందో! పెళ్ళిలో పురోహితుడు అరుంధతిని చూడమంటే కల్యాణమండపం దీపాల్లో ఏం చూసేనో నాకే తెలీదు. కౌసానిలో తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి వరండాలోకొస్తే, సప్తర్షులు ఉత్తరాన నెత్తికెక్కి ఉన్నారు. వసిష్ఠుడి పక్కన అరుంధతి స్పష్టంగా కనిపించింది. ఇరవై ఆరేళ్ళు ఆలస్యంగానన్నమాట.

రాత్రి ఫోటోకి వెలుగు చాలదు గనక కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. ఆ సేపట్లో కదలకూడదు. నా దగ్గర మూడుకాళ్ళ స్టాండు లేదు. గుడ్డసంచీలో కిలో కందిపప్పు పోసి మూతి కుట్టి తీసుకెళ్ళేను. పిట్టగోడమీద సంచీ పెట్టి, దానిలో కెమెరాని గుచ్చితే రాయిలా కూచుంది. మనం నొక్కిన కుదుపు తగలకుండా రెండు సెకన్ల తరువాత తీసేలా అమర్చుకోవాలి. కెమెరా చీకట్లో చూపు నిలుపుకోలేదు కనక చేత్తోనే తిప్పి, మృగవ్యాధుడిలాటి పెద్ద చుక్క సూదిమొనలా కనిపించేదాకా సరిచెయ్యాలి.

ఎంతసేపు తెరవాలీ అంటే, భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. ఎక్కువసేపు తెరిస్తే చుక్కలు గీతలవుతాయి. ఫోటోలు తీసేవాళ్ళకి ఓ మోటలెక్క ఉంది. 500ని లెన్సు పొడవుతో భాగించాలి. 24 మిల్లీమీటర్లదైతే ఇరవై సెకన్లు. చిన్న కెమెరాలకి అంతకంటే తక్కువే మంచిది. గీతలే కావాలనుకుంటే గంటసేపు తీసుకోండి. చుక్కలన్నీ ధ్రువుడి చుట్టూ గుండ్రంగా ముగ్గు వేసినట్టు వస్తాయి. ధ్రువుడు హైదరాబాదులో 17 డిగ్రీల ఎత్తున ఏ మేడ వెనకో దాక్కుంటాడు. కౌసానిలో 30 డిగ్రీల ఎత్తున, సరిగ్గా మంచుకొండల పైనే.

అసలు కిటుకు మన వంటింటి గోడమీదే ఉంది, క్యాలెండరులో. పౌర్ణమికి వెళితే కొండలు పగల్లా మెరుస్తాయిగాని చుక్కలుండవు. అమావాస్యకి చుక్కలు లెక్కలేనన్ని, కొండలు మాత్రం నల్లటి గుట్టలు. శుద్ధ పంచమికీ అష్టమికీ మధ్య వెళ్ళండి. చంద్రుడు సాయంత్రం నైరుతి దిక్కునుంచి ఉత్తరపు కొండలమీదికి వెలుగు పంపుతాడు. అర్ధచంద్రుడు పౌర్ణమి వెలుగులో సగం ఇస్తాడనుకుంటాం, ఇచ్చేది పదోవంతే. కొండ కనపడ్డానికీ, చుక్కలు మిగలడానికీ అది చాలు. పదికో పన్నెండుకో చంద్రుడు అస్తమిస్తాడు. ఆపైన ఆకాశమంతా చుక్కలదే. ఆ వారం చూసి రైలు టిక్కెట్లు కొనమంటే, తిథులు చూసి ప్రయాణమేమిటని మావారు వేళాకోళం చేసేరు. అక్కడికెళ్ళేక ఏమీ అనలేదు.

పాలపుంత ఫోటో చూసి అలాటిదే కావాలని వెళితే మాత్రం నిరాశ తప్పదు. దాని నడిబొడ్డు డిసెంబరులో సూర్యుడి వెనకే ఉంటుంది. కృత్తికలూ, రోహిణీ, మృగశిరా ఉన్న వైపు సన్నటి పాయ ఒకటే కనిపిస్తుంది.

చలికి బ్యాటరీ చప్పున చల్లారిపోతుంది. రెండోదాన్ని లోపలి స్వెట్టరు జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి. ఇంకో సంగతి, బయటినుంచి కెమెరాని నేరుగా వెచ్చటి గదిలోకి తెచ్చేరో, ఫ్రిజ్జులోంచి తీసిన స్టీలు గిన్నెలా చెమర్చి లెన్సులోకి నీరు చేరుతుంది. బయటే ప్లాస్టిక్ సంచీలో పెట్టి మూతి బిగించి, లోపలికి తెచ్చేక గంటా రెండు గంటలు ముట్టుకోకూడదు. నేను ఆగలేక ఒక రాత్రి విప్పేసి మర్నాటి ఉదయం పోగొట్టుకున్నాను.

మనకి ఇది కష్టమంటే 1866లో శామ్యూల్ బోర్న్ అనే ఆయన ఏమనుకుంటాడో. గాజుపలకలూ, రసాయనాలూ, గుడారమూ కూలీలచేత మోయించి, 18,600 అడుగుల మణిరంగ్ కనుమ ఎక్కి ఫోటోలు తీసేడు. పలకకి అక్కడే మందు రాసి, తడి ఆరకముందే తీసి, కడుక్కోవాలి.

లడఖ్‌లో హన్లే అనే చోట, 4,500 మీటర్ల ఎత్తున, మన దేశపు నక్షత్రశాల ఉంది. 2022లో ఆ చుట్టుపక్కల ఊళ్ళని చీకటి కాపాడే ప్రాంతంగా ప్రకటించేరు. వచ్చినవాళ్ళకి టెలిస్కోపులో చుక్కలు చూపించడానికి ఊరివాళ్ళకే శిక్షణ ఇచ్చేరు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వెళ్ళాలని ఉంది. శీతాకాలంలో అంత ఎత్తు నా ఆయాసానికి పడదని డాక్టరుగారు అన్నారు. ఎండాకాలమే చూడాలి.

అత్తయ్యగారి ఫోటో మా అబ్బాయి మొన్న కంప్యూటరులో వెలుగు పెంచి తెచ్చేడు. కొండలు తెల్లబడ్డాయి. చేతిలో మంచు కూడా తెలుస్తోంది. నవ్వు సగం వచ్చింది, కళ్ళు రాలేదు. పాతదాన్ని తీసెయ్యలేదు. దాని పక్కనే మేకు కొట్టి ఇదీ తగిలించేను.

సెలవు.