తూర్పు వైపు చూపు, మిరప కళ్లంలో స్త్రీ

(నరసరావుపేటలో స్త్రీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాంగ విధానం మీద మాట్లాడతానన్నప్పుడు ‘మనకెందుకా గొడవ’ అని మీలో కొందరు మొహం మీదే అడిగారు. కొట్టిన మొగుళ్ల కేసులు, పట్టాల కేసులు, కూలి రేట్ల తగాదాలు తలకు మించి ఉండగా చైనా, సింగపూరు కబుర్లెందుకని. న్యాయమైన ప్రశ్నే. కానీ మాచర్ల, దుర్గి, బొల్లాపల్లి చేలల్లో మన స్త్రీలు కోసి, కళ్లంలో ఆరబెట్టి, తాలుకాయలు ఏరి పెట్టిన తేజ మిర్చి గుంటూరు యార్డు దాటి చైనాకు, థాయిలాండుకు, మలేషియాకు పోతోంది. ఆ దేశాలతో మన సంబంధాలు ఎలా ఉండాలో తేల్చే గదిలో ఆమె ఎన్నడూ లేదు.

పల్నాడులో నిలబడి ఈ మాట చెబుతున్నాను కాబట్టి నాగమ్మను తలచుకోకుండా ఉండలేను. గురజాలలో నలగామరాజుకు మంత్రిగా పక్క రాజ్యం మాచర్లతో సంబంధాలు నడిపిన స్త్రీ ఆమె. కోడిపందెం, వనవాసం, రాయబారిగా వచ్చిన అలరాజు చావు, చివరికి కారెంపూడి యుద్ధం. ఇరువైపులా మగవాళ్లు కత్తులు దూసిన ఆ కథలో తప్పంతా ఒక్క ఆడదాని మీదకు పోయింది. బ్రహ్మనాయుడు చేస్తే రాజనీతి, నాగమ్మ చేస్తే కుతంత్రం! సరే, అసలు విషయానికి వస్తాను.

దేశాల మధ్య వ్యవహారాన్ని నాయకుడు తన ఇష్టప్రకారం మలుస్తాడా, లేక పరిస్థితులే అతన్ని మలుస్తాయా? మన తెలుగువాడు పి.వి. నరసింహారావునే తీసుకుందాం. 1980 జులైలో కంబోడియాలో వియత్నాం అండతో ఏర్పడిన హెంగ్ సామ్రిన్ ప్రభుత్వాన్ని భారత్ గుర్తించింది. దాంతో ఆసియాన్ దేశాలు మనకు బాగా దూరమయ్యాయి. అప్పుడు ప్రధాని ఇందిరాగాంధీ, విదేశాంగ మంత్రి పి.వి. పదకొండేళ్ల తర్వాత ఆయనే ప్రధాని అయ్యారు. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగింది, విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకే మిగిలింది, ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. అప్పుడాయన చూపు తూర్పుకు తిరిగింది. 1992లో భారత్ ఆసియాన్‌కు కొన్ని రంగాల వరకు చర్చల భాగస్వామి అయింది. 1994 సెప్టెంబరులో ఆయన సింగపూరు వెళ్లి ఆ ప్రాంతపు పెట్టుబడులను బాహాటంగా ఆహ్వానించారు. 1995లో పూర్తి భాగస్వామ్యం దక్కింది.

మనిషి ఒక్కడే, విధానాలు రెండు. అందువల్ల ‘ఆయన మేధావి, దారి మార్చాడు’ అని చెప్పి ఊరుకుంటే చాలదు. అలాగని ఆయన పాత్ర లేదనీ అనలేం. డబ్బు కొరత మార్పు కోరింది, ఎటు తిరగాలో, ఎంత తొందరగా తిరగాలో ఆయన నిర్ణయించారు. తర్వాత పార్టీలు మారినా దారి మారలేదు. వాజపేయి కాలంలో 2003లో చట్రం ఒప్పందం కుదిరింది. మన్మోహన్ సింగ్ కాలంలో 2009లో సరుకుల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2014లో మోదీ పేరు మార్చి ‘యాక్ట్ ఈస్ట్’ అన్నారు.

ఇక మనకు సంబంధించిన ఇంకో ఒప్పందం ఉంది. స్త్రీలపై అన్ని రకాల వివక్షను తొలగించే ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, సీడా. దాని మీద భారత్ 1980లో సంతకం చేసింది, 1993 జులై 9న ఆమోదించింది. మొదటిసారి పి.వి. విదేశాంగ మంత్రి, రెండోసారి ప్రధాని. ఆమోదిస్తూ మన ప్రభుత్వం ఒక ప్రకటన జోడించింది. ఏ మతవర్గం వ్యక్తిగత వ్యవహారాల్లోనూ ఆ వర్గం చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోబోమన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది, 1994 ఏప్రిల్‌లో, మర్రకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద సంతకం చేసినప్పుడు మాత్రం రైతు సమ్మతి, కూలి సమ్మతి అనే మాటే లేదు. స్త్రీకి ఆస్తిలో, పెళ్లిలో సమానత్వం ఇవ్వడానికి సంఘాన్ని అడగాలి, మార్కెట్టు తలుపు తీయడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. నాకు దీనికంటే పచ్చి నిజం ఇంకోటి కనబడదు.

ఇది ఎలా సాధ్యమైందంటే, మన రాజ్యాంగంలో విదేశీ వ్యవహారాలూ ఒప్పందాలూ కేంద్ర జాబితాలో ఉన్నాయి. ఒప్పందం కుదుర్చుకోవడానికి పార్లమెంటు అనుమతి తప్పనిసరి కాదు. దాన్ని అమలు చేయడానికి చట్టం కావలసి వస్తేనే సభ ముందుకు వస్తుంది. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉన్నా, మిర్చి ధరను కదిలించే నిర్ణయంలో రాష్ట్రానికి ఓటు లేదు.

2020 మొదట్లో చైనాలో కరోనా రాగానే కొనుగోళ్లు నిలిచి గుంటూరులో తేజ ధర పడిపోయింది. జూన్‌లో గల్వాన్‌లో సైనికులు చనిపోయారు, చైనా యాప్‌లను నిషేధించారు. మిర్చి ఎగుమతి మాత్రం ఆగలేదు. అంటే నాయకుల ఉపన్యాసం ఒకటి, టిక్కీల లెక్క ఇంకొకటి. 2025 ఫిబ్రవరిలో ధర మళ్లీ కుప్పకూలాక కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. అది రైతు పేరున. కౌలుకు చేసే స్త్రీ పేరు కాగితంలో ఉండదు. ఆదోని, కోసిగి వైపు నుంచి పిల్లల్ని బడి మాన్పించి వెంటబెట్టుకొచ్చి కోతలు కోసే తల్లి గురించి అడిగేవారే లేరు. ధర పడ్డప్పుడు మొదట తెగేది ఆమె కూలి రేటే.

ఒత్తిడి పనిచేయదని నేననను. 2019 నవంబరులో బ్యాంకాక్‌లో, చైనాతో కలిసి పదిహేను దేశాలున్న ఆర్‌సెప్ ఒప్పందంలో చేరబోమని మోదీ చెప్పారు. దాని వెనక పరిశ్రమల భయాలూ ఉన్నాయి, రైతు సంఘాల ఆందోళనా ఉంది. ముఖ్యంగా న్యూజిలాండ్ పాలు వస్తే మనం మునుగుతామని పాడి రైతులు గట్టిగా అరిచారు. రెండు గేదెలు మేపి పిల్లల ఫీజులు కట్టే స్త్రీలు ఈ పేటలో ఎందరున్నారో మీకే తెలుసు. వాళ్లెవరూ బ్యాంకాక్ పోలేదు, అయినా వాళ్ల పాలకేను లెక్కలోకి వచ్చింది.

ఆసియాన్ సరుకుల ఒప్పందాన్ని సమీక్షించాలని 2023లో ఇరుపక్షాలూ అంగీకరించాయి. మిర్చి కోతలు మొదలయ్యే ముందు ఒక్కో ఊర్లో కోతకూలీల పేర్లు, వాళ్లకిచ్చే రేటు, వెంట వచ్చిన పిల్లల లెక్క రాసి పెట్టండి. ఆ కాగితం పట్టుకుని మన ఎంపీ దగ్గరకు వెళ్దాం. సమీక్షలో మిరప గురించి ఏం మాట్లాడారో, ఈ స్త్రీల గురించి ఎవరు మాట్లాడారో సభలో లిఖితపూర్వకంగా అడగమందాం.