బర్లెస్కు: వెక్కిరింత నాటకము

బర్లెస్కు అనగానే నేడు చాలమందికి అర్ధనగ్న నృత్యము స్ఫురించును. కాని ఆ మాట పుట్టినచోట నృత్యము లేదు. వెక్కిరింత మాత్రమే కలదు. ఇటలీ భాషలో బుర్లా అనగా పరిహాసము. గొప్ప విషయమును అల్పముగను, అల్ప విషయమును గొప్పగను చెప్పి నవ్వించుట దీని లక్షణము. జరుక్ శాస్త్రిగారి పేరడీలు చదివి ఆనందించినవారికి ఈ రుచి క్రొత్తది కాదు. మూలము నెరిగినవాడే వెక్కిరింతకు నవ్వగలడు.

1728లో లండను నగరమున జాన్ గే రచించిన బెగ్గర్స్ ఆపెరా రంగమెక్కెను. ఆనాటి ప్రభువర్గము ఇటాలియన్ సంగీతనాటకములకు మురిసిపోవుచుండెను. రాజులు, వీరులు నిలువవలసిన తావున గే దొంగలను, దొంగసొమ్ము కొనువారిని నిలిపెను. వారిచేత వీధిపాటల వరుసలు పాడించెను. ఆ దొంగలలో ప్రేక్షకులకు ప్రధాని వాల్పోల్ పోలికలు కనబడినవి. మొదటి ఏడే 62 ప్రదర్శనలు జరిగినవి. దానికి తరువాయిగా గే వ్రాసిన పాలీ నాటకమును ప్రభుత్వము ఆడనీయలేదు. ఈ నిషేధమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ ప్రక్రియ లండను నాటకశాలలలో వర్ధిల్లెను. 1868 డిసెంబరులో గెయిటీ థియేటరు తెరచినపుడు గిల్బర్టు రచించిన రాబర్ట్ ది డెవిల్ ఆడినారు. అది మేయర్‌బీర్ సంగీతనాటకమునకు వెక్కిరింత. నిండ శ్లేషలు, అంత్యప్రాసలు. పురుషపాత్రలను స్త్రీలు ధరించుట ఇట్టి నాటకములలో మరియొక వినోదము. అదే సంవత్సరము లిడియా థాంప్సన్ తన బృందముతో న్యూయార్కు చేరి, సెప్టెంబరులో గ్రీకు పురాణకథను పరిహసించు ఇక్సియన్ నాటకమాడెను. రాజు ఇక్సియన్ వేషము ఆమెదే. కాలి ఆకృతిని దాచని ఆ మగవేషములు జనమును ఆకర్షించినవి. పెద్దమనుష్యులకు కోపము తెప్పించినవి.

అమెరికాలో బర్లెస్కు క్రమముగా హాస్యగాండ్ర సంభాషణలు, పాటలు, నృత్యములు కలిసిన చౌకధరల వినోదమైనది. బర్ట్ లార్, ఫానీ బ్రైస్, ఆబట్, కాస్టెల్లో వంటి హాస్యనటులకు అదియే పాఠశాల. సినిమా పోటీ పెరిగినకొలది, 1920ల నుండి, వస్త్రములు విడుచు నృత్యమే ప్రధానాకర్షణ యయ్యెను. జిప్సీ రోజ్ లీ వంటివారు మాటల చమత్కారముతో దానికి కొంత శోభ తెచ్చినారు. అయినను 1937లో మేయరు లా గార్డియా పాలనలో న్యూయార్కు నగరము ఆ నాటకశాలల లైసెన్సులను పునరుద్ధరింపలేదు. మరుసటి ఏట ఆబట్, కాస్టెల్లోలను రేడియో పిలుచుకొన్నది.

రెండు నిషేధములను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. 1728 నాటి పాలకులు నవ్వుకు జంకిరి. 1937 నాటి పాలకులు జంకుటకు నవ్వు ముందువరుసలో లేదు. దేహప్రదర్శనమే వారి అభ్యంతరము. నడుమ రెండువందల యేండ్లలో పేరు నిలిచినది, ప్రాణము ప్రక్కకు తప్పుకొన్నది.

కథ అంతటితో ముగియలేదు. 1990లలో న్యూయార్కు, లాస్ ఏంజిలిస్ నగరములలో బర్లెస్కు మరల తలయెత్తినది. ఇందు చాలచోట్ల స్త్రీలే తమ ప్రదర్శనలను కూర్చుకొని నడుపుచున్నారు. సన్నని నడుమే అందమను నియమమును, సినిమా నాయికల హొయలను, రాజకీయ నాయకుల డాంబికమును ఎగతాళి చేయుచున్నారు. దేహము ఉన్నది; కాని దానితో పాటు మాట కూడ తిరిగివచ్చినది.

కావున ఈ పేరుతో ఏ ప్రదర్శన కనబడినను మనమడుగవలసినది ఒక్కటే: ఇది ఎవరిని వెక్కిరించుచున్నది? దానికి సమాధానమున్నచో అది బర్లెస్కు. లేనిచో ఆ పేరు వట్టి బోర్డు మాత్రమే.