కంచెలోపలి కావలి

సైనికస్థావర మనగానే అందున్న ప్రతి మనిషి చేతను తుపాకి యుండునని మనలో పలువురు తలచుచుందురు. మేమును చిరకాల మట్లే తలచితిమి. వాస్తవ మందుకు భిన్నము. సరిహద్దునకు దూరముగా, ఊళ్ల నడుమ నున్న స్థావరములలో తుపాకులు ‘కోత్’ అను ఆయుధపు గదిలో తాళము క్రింద నుండును. పహరాకు పోవువాడు చిట్టాలో సంతకము చేసి తుపాకి తీసికొనును; దిగివచ్చిన పిమ్మట లెక్క చూపి మరల నొప్పగించును. వంటవారు, మరమ్మతు పనివారు, గుమాస్తాలు వట్టి చేతులతోనే తమ పనులు చూచుకొందురు. ఇందు తప్పేమియు లేదు. వందల కుటుంబములు కాపురముండు చోట, పిల్లలు బడికి పోవు త్రోవలో, ప్రతివాని భుజమునను నిండు తుపాకి వ్రేలాడుట క్షేమము గాదు. అయితే శత్రువు గోడ దాటి వచ్చిన రాత్రి ఏమి జరుగును?

2016 జనవరి 2వ తేదీ తెల్లవారుజామున పంజాబులోని పఠాన్‌కోట్ వైమానిక స్థావరమున నది తెలియవచ్చెను. ఆ స్థావరపు చుట్టుకొలత సుమారు 24 కిలోమీటర్లు. లోపల మిగ్ విమానములు, హెలికాప్టర్లు, సైనికుల కుటుంబములు. అపాయము పొంచియున్నదని ముందునాడే తెలిసెను. నేషనల్ సెక్యూరిటీ గార్డు కమాండోలు కూడ వచ్చియుండిరి. అయినను ముష్కరులు ప్రహరి దాటి లోనికి వచ్చిరి. మొదట వారి తూటాల పాలైనవారు కమాండోలు గారు. భోజనశాల చెంత నున్న డిఫెన్స్ సెక్యూరిటీ కోరు జవానులు.

ఈ దళమును గూర్చి మనము వినునది తక్కువ. 1947 ఫిబ్రవరిలో నెలకొనిన దళ మిది. సైన్యమున కొలువు ముగించి పింఛను పుచ్చుకొన్నవారు మరల చేరి, ఆయుధపు డిపోలకును, కర్మాగారములకును, వైమానిక స్థావరములకును కావలి కాయుదురు. మన వీధిలో సంచి చేతబట్టుకొని కూరగాయలకు పోవు మాజీ హవల్దారు వంటి వారన్నమాట. పఠాన్‌కోట్‌లో అసువులు బాసిన రక్షకులు ఏడుగురు కాగా, వారిలో ఐదుగురు ఈ దళమువారే. కొందరి చేత ఆ వేళ ఆయుధమే లేదు. జగదీశ్ చంద్ అను నతడు వట్టి చేతులతో ఒక ముష్కరుని వెంటాడి, పెనుగులాడి, వాని తుపాకితోనే వానిని కూల్చి, తక్కినవారి కాల్పులకు నేలకొరిగెను. గాలింపు 5వ తేదీవరకు సాగెను. విమానములకు హాని కలుగలేదు.

హోంశాఖ వ్యవహారముల పార్లమెంటరీ స్థాయీసంఘ మా యేడే తన నివేదికలో ప్రహరి కావలి బలహీనముగా నున్నదనియు, గోడ వెంబడి గస్తీకి బాట లేదనియు, పొదలు, చెట్లు పెరిగియున్నవనియు తెలిపెను. ముష్కరుల తెగువకంటె ఈ పొదల మాటయే మా మనస్సున నాటినది. పొద కొట్టుటకు శౌర్యము గాని, కొత్త యంత్రములు గాని అక్కరలేదు. కొడవలి చాలును.

ఇట్టి విపత్తు మనకే ప్రత్యేకము గాదు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు ఫోర్టు హుడ్ స్థావరమున 2009 నవంబరు 5న సైనిక వైద్యు డొకడు తోటివారిపైననే కాల్పులు జరిపి 13 మందిని చంపెను. చుట్టునున్నవారు శిక్షణ పొందిన సైనికులే. చేత ఆయుధము లేదు. వాని నాపినవారు ఆ స్థావరపు పౌర పోలీసులు. అందుపై ప్రతి సైనికునికిని తుపాకి యుండవలె నని అచ్చట గొప్ప వాదము చెలరేగెను. కోరినవారికి సొంత తుపాకి వెంట నుంచుకొన ననుమతి నిచ్చు నధికారము 2016లో స్థావరాధిపతులకు లభించెను. మాకీ మార్గము రుచింపదు. పదిమంది చేత తుపాకులు ప్రేలుచుండగా, అప్పుడే పరుగెత్తివచ్చిన పోలీసుకు వారిలో హంతకు డెవ్వడో ఎట్లు తెలియును? పైగా కోపతాపములు, దిగులు సైనికునికి మాత్రము లేవా? అంతకంటె ఏ వేళనైనను సాయుధమై, పిలిచిన నిమిషములలో చేరగల చిన్న బృందము మేలు. ఆ బృందమునకు స్థావరపు మూలమూలలు తెలిసియుండవలెను. దూరమునుండి వచ్చిన కమాండో ఎంత నేర్పరియైనను వంటశాల వెనుక త్రోవ ఎరుగడు గదా!

ఆ బృందము చేరులోపల గడచు నిమిషములే కడు దుర్భరములు. 2016 నవంబరు 29న జమ్మూ చెంతనున్న నగ్రోటాలో పోలీసు దుస్తులు తొడిగిన ముష్కరులు సైనికస్థావరమున జొరబడి, అధికారుల కుటుంబములున్న భవనములలో దూరిరి. నాడు ఇద్దరు అధికారులు, ఐదుగురు జవానులు ప్రాణములు కోల్పోయిరి. లోపల అధికారుల భార్యలు ఇరువురు పసికందులతో నుండిరి. వారు ఇంటి సామానులు ఈడ్చి అడ్డుపెట్టి, ముష్కరులను లోనికి రానీయరైరి. సైనికులు వచ్చి, ఆ తల్లులను బిడ్డలతో క్షేమముగా వెలుపలికి దెచ్చిరి.